ఒకటో కొక్కెం

“పన్నెండు కొట్టగానే ఈ అమ్మాయిని జీపెక్కిస్తాను వదినా. ఇప్పుడు పదకొండూ రెండు. ఈలోగా అడిగేది అడగండి, చూసేది చూడండి. ఆ తరవాత మాత్రం అడ్డు రాకండి,” అన్నాడు ఇన్‌స్పెక్టర్, చేతి గడియారం ముందుకి చాపి.

డిటెక్టివ్ ఆ గడియారం వైపు చూడనైనా చూడలేదు. అది మరిదికి పెళ్ళి కానుకగా ఇచ్చింది తనే. నాలుగు నిమిషాలు ముందు నడవడం దాని పుట్టుబుద్ధి. ఎన్నిసార్లు సరిచేసినా వారం తిరక్కుండా మళ్ళీ అక్కడికే వస్తుంది.

“పదకొండింకా కాలేదు. రెండు నిమిషాలుంది. ముందు నీ గడియారాన్ని అరెస్టు చెయ్యవయ్యా,” అంది.

“నా గడియారానికేం? గేటు దగ్గరి గోడగడియారాన్ని కూడా పొద్దున్నే దీంతోనే సరిచేయించాను. పన్నెండుకి సైరన్ కొట్టి పెద్ద హాలు తెరుచుకోమని యాజమాన్యానికి మాటిచ్చాను. నిన్నట్నించీ పని ఆగిపోయి ముప్ఫైమంది గేటు బయట నిలబడున్నారు. నాకూ పైనుంచి ఒత్తిడి ఉంటుంది కదా!”

పక్కనున్న కానిస్టేబుల్ నవ్వబోయి, పైఅధికారి మొహం చూసి దగ్గుగా మార్చుకున్నాడు.

వదినామరుదులకి ఇది మొదటి తగాదా కాదు. ఆవిడ బీమా కంపెనీలో పద్దెనిమిదేళ్ళు ఫ్యాక్టరీ ప్రమాదాలు పరిశీలించి, ఉద్యోగం మానేసి, సొంతంగా డిటెక్టివ్ బోర్డు కట్టిన మనిషి. అతను ఆవిడ భర్తకి స్వయానా తమ్ముడు. ఇంట్లో ఆవిడ వడ్డిస్తే మారు అడిగి మరీ తింటాడు. కేసు దగ్గర మాత్రం ఇద్దరూ ఉప్పూ నిప్పూ.

కేసు అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టుందని ఇన్‌స్పెక్టర్ ధీమా. ఇది రంగులు తయారుచేసే ఫ్యాక్టరీ. నిన్న, గురువారం పొద్దున్న ఎనిమిదీ అయిదుకి, చిన్న మిక్సింగ్ గదిలో మిక్సింగ్ మేస్త్రీ చచ్చి పడున్నాడు. మూతికి పల్చటి గుడ్డ మాస్కు. పక్కన తెరిచిన డ్రమ్ము. డ్రమ్ము మీద ఎర్ర అంచుతో వజ్రం ఆకారం, అందులో పుర్రె బొమ్మ, దాని కింద పెద్ద అంకె: 1.

మెలికంతా ఆ అంకెలోనే ఉంది. ఈ ఫ్యాక్టరీలో పన్నెండేళ్ళుగా ఒకటే లెక్క. ఒకటో నంబరు రసాయనమంటే మహా అయితే తుమ్మొస్తుంది, నాలుగో నంబరంటే ప్రాణం పోతుంది. ఒకటికి గుడ్డ మాస్కు చాలు, నాలుగుకి మొహమంతా కప్పే రబ్బరు మాస్కు కావాలి. మూడు నెలల కిందట, విదేశాల్లో సరుకు కొనేవాళ్ళు పట్టుబట్టడంతో, అంతర్జాతీయ లేబుళ్ళ పద్ధతి తెచ్చారు. అందులో లెక్క తలకిందులు. ఒకటే అన్నిటికన్నా ప్రమాదం, నాలుగు అన్నిటికన్నా తక్కువ. పాత లేబుళ్ళు పీకి కొత్తవి అతికించే పని, పాత చార్టు గోడ మీంచి తీసేసే పని స్టోర్ కీపర్‌ది. లేబుళ్ళు మారాయి. చార్టు మాత్రం గోడ మీదే ఉంది. మేస్త్రీ కొత్త అంకెని పాత చార్టులో చూసుకుని, ఒకటేగా అని గుడ్డ మాస్కుతో లోపలికెళ్ళాడు. ఇంకేముంది, నిర్లక్ష్యంతో మనిషి ప్రాణం తీసిన నేరం స్టోర్ కీపర్ మెడకి చుట్టుకుంది.

ఆ స్టోర్ కీపర్ అత్తగారే తెల్లారగానే డిటెక్టివ్ తలుపు తట్టింది. “మా కోడలు ఇంట్లో ఉప్పు డబ్బాకీ చక్కెర డబ్బాకీ కూడా పేర్లు రాసి అతికిస్తుందమ్మా. నా మందుసీసాకి తారీఖు కూడా వేస్తుంది. అది చార్టు మర్చిపోవడమేమిటి? దానికి అయిదేళ్ళ పిల్ల ఉంది, జైల్లో పెడితే ఆ పిల్లనేం చెయ్యను?” అని కొంగు నోట్లో కుక్కుకుంది. అత్తగారు కోడలి కోసం ఏడవడం చూశాక డిటెక్టివ్ ఇక రెండో ప్రశ్న వెయ్యలేదు, సంచి భుజాన వేసుకుని బయల్దేరింది.

స్టోరు గదిలో బల్ల వెనక కూర్చున్న ఆ కోడలికి ముప్ఫై ఉంటాయేమో. కళ్ళు ఉబ్బిపోయి ఉన్నాయి.

“చార్టు ఎప్పుడు తీశావమ్మా?” డిటెక్టివ్ అడిగింది.

“సోమవారం మేడమ్, ఆఖరి పాత లేబుల్ మార్చిన రోజే. చుట్ట చుట్టి, రబ్బరు బ్యాండు వేసి, ఈ బీరువా మీద పెట్టాను.”

“మరి గోడ మీదికి ఎలా వెళ్ళింది?”

“నాకు తెలీదు మేడమ్. నా బిడ్డ మీద ఒట్టు, తీశాను.”

“కాళ్ళొచ్చి నడిచెళ్ళిందేమో!” అన్నాడు ఇన్‌స్పెక్టర్ గుమ్మంలోంచి.

డిటెక్టివ్ అతని వైపు తిరగకుండానే, “బుధవారం ఎన్నింటికి ఇంటికెళ్ళావు?” అంది.

“నాలుగున్నరకి. పాపకి పన్ను నొప్పెడుతోందని ఫోనొచ్చింది. పర్మిషన్ తీసుకునే వెళ్ళాను, గేటు పుస్తకంలో ఉంటుంది.”

“గురువారం?”

“ఏడూ ముప్ఫై రెండుకి వచ్చాను. ఆ డ్రమ్ము తెరిచేటప్పుడు ఇద్దరుండాలని రూలు. మేస్త్రీ బాబాయీ నేనూ కలిసి ఏడూ నలభైకి లోపలికెళ్ళాలి. తీరా చూస్తే లేబుళ్ళ ప్రింటర్లో కాగితం ఇరుక్కుపోయింది. ‘నువ్వు నిదానంగా రా తల్లీ, నేను మొదలెడుతుంటా’ అని వెళ్ళాడు. నేను వెళ్ళేసరికి...” ఆమె కళ్ళు తుడుచుకుంది. “గుమ్మంలోంచే కేక పెట్టాను. లోపలికెళ్ళడానికి ధైర్యం చాల్లేదు,” అంది.

డిటెక్టివ్ పెన్సిల్ ఆగింది. అంటే ప్రింటరు మొరాయించకపోతే ఆ గదిలో రెండు శవాలుండేవి. అవతలి పక్కనుంచి కూడా ఆలోచించి చూసింది. ప్రింటరు నిజంగా ఇరుక్కుందా, లేక ఈ అమ్మాయే కావాలని వెనకబడిందా? ఫీజు ఇచ్చేవాళ్ళని అనుమానించకపోతే డిటెక్టివ్ బోర్డు ఎందుకు, చుట్టాల ఇంటికి వచ్చినట్టు పలకరించి పోవచ్చు.

“మీ బాబాయి అంకెల్లో పొరబడే మనిషా?”

ఆమె ఏడుపులోనే నవ్వింది. “బాబాయా? ఇక్కడందరికీ ఆ అంకెలు నేర్పిందే ఆయన! క్లాసు చెప్పాల్సింది సేఫ్టీ ఆఫీసరు. ఆయన రిజిస్టర్లో సంతకాలు పెట్టించుకుని పైకెళ్ళిపోయేవారు. బాబాయే అందర్నీ నిలబెట్టి చెప్పేవాడు. ‘ఒకటో నంబరు రౌడీ అంటే ఎవడ్రా? ఊళ్ళో అందరికన్నా పెద్ద రౌడీ. మరి నాలుగో నంబరు రౌడీ? వాడికి టీ తెచ్చిపెట్టేవాడు. ఇంతే లెక్క, మర్చిపోయినవాడు నాకు టీ తేవాలి’ అని. మూడు నెలల్లో ఒక్కడు కూడా తప్పు చెప్పలేదు.”

“మీ ఇద్దరికీ ఈమధ్య ఎవరితోనైనా మాటా మాటా వచ్చిందా?”

“మాటా మాటా అంటే... సేఫ్టీ ఆఫీసరు ఒక కాగితం తెచ్చారు. రబ్బరు మాస్కులకి కొత్త ఫిల్టరు డబ్బాలు వేశారని అందరూ సంతకం చెయ్యాలన్నారు. ఇవాళ రావలసిన విదేశీ తనిఖీవాళ్ళకి చూపించడానికట. బాబాయీ నేనూ చెయ్యలేదు. కొత్తవి వస్తే నా స్టోరు మీదుగానే కదా రావాలి, నేను చూడలేదన్నాను. అంతే, గొడవేం లేదు. ఆయన నవ్వేసి వెళ్ళిపోయారు.”

డిటెక్టివ్ ‘నవ్వేసి’ అన్న మాట కింద గీత గీసింది.

గేటు పుస్తకం తెప్పించింది. బుధవారం: స్టోర్ కీపర్ బయటికి నాలుగున్నర, గోడలకి రంగులేసే పెయింటరూ పనివాళ్ళందరూ బయటికి అయిదు, సేఫ్టీ ఆఫీసరు బయటికి ఏడుంబావు. గురువారం ఎనిమిదిలోపు లోపలికి వచ్చినవి మూడే పేర్లు. సేఫ్టీ ఆఫీసరు ఏడూ అయిదు, మేస్త్రీ ఏడూ ఇరవై, స్టోర్ కీపర్ ఏడూ ముప్ఫై రెండు.

“చూశారా, ఒకడు పోయాడు, ఒకామె మన దగ్గరుంది. మిగిలింది అంతర్జాతీయ శిక్షణ పొందొచ్చిన ఆఫీసరు. ఎవర్ని పట్టుకోమంటారు?” అన్నాడు ఇన్‌స్పెక్టర్.

“పట్టుకోవడం నీ పని. ముందు నీ ఫోన్లో శవం ఫోటోలు చూపించు.”

అతను విసుక్కుంటూ ఇచ్చాడు. డిటెక్టివ్ ఫోటోని రెండు వేళ్ళతో పెద్దది చేసింది. మేస్త్రీ నుదుటి మీద, కనుబొమలకి పైన, ఎర్రగా ఒక వంకర గీత. అది కణతల మీదుగా దిగి చెంపలు దాటి గడ్డం కిందికి వెళ్ళింది.

“ఇదేమిటి?”

“హెల్మెట్ గీత.”

“గడ్డం కింద కూడా హెల్మెట్ పెట్టుకుంటారా? మీ డిపార్ట్‌మెంట్లో కొత్తగా వచ్చిందా?”

ఇన్‌స్పెక్టర్ ఫోను లాక్కుని తనూ చూశాడు. చూసి, ఒప్పుకోవడానికి మనసు రాక మూతి బిగించాడు.

“ఇది రబ్బరు మాస్కు అచ్చు. మొహం చుట్టూ బిగిసి కూర్చుంటే పడే గీత. గుడ్డ మాస్కు నుదుటికి అంటదు. అతను రబ్బరు మాస్కుతోనే లోపలికెళ్ళాడు. ఎవరో అది తీసి, గుడ్డది తగిలించారు.”

“రబ్బరు మాస్కు పెట్టుకున్నవాడు ఎలా పోయాడు మరి? మీ మాటే నిజమైతే అతను ఇప్పుడు బతికుండాలి కదా వదినా!”

దెబ్బ సరిగ్గా తగిలింది. డిటెక్టివ్ పెన్సిల్ సంచిలో పడేసింది. “అదే నాకూ కావాలి. పద, గది చూద్దాం,” అంది.

మిక్సింగ్ గదికి ముందు చిన్న గది ఒకటుంది. అక్కడ మాస్కులు తొడుక్కుని, అద్దం బిగించిన తలుపు తోసుకుని లోపలికి వెళ్ళాలి. నిన్న ఎనిమిదిన్నరకే పోలీసులు రెంటికీ సీలు వేశారు. ఆ సీలు దగ్గర సేఫ్టీ ఆఫీసరు ముందే నిలబడి ఉన్నాడు. తెల్లకోటు, జేబుకి శిక్షణ తాలూకు బిళ్ళ, నూనె రాసి దువ్విన జుట్టు. మాట వెన్నపూసలా ఉంది.

“చనిపోయినవారిని అనకూడదు మేడమ్. మంచి మనిషే, కానీ పాతకాలం మనిషి. మూడు క్లాసులు నేనే స్వయంగా చెప్పాను, రిజిస్టర్ చూడండి. ఏం లాభం? పన్నెండేళ్ళ అలవాటు. తలకి ఎక్కినా చేతికి ఎక్కదు.”

“బాగా చెప్పారు,” అంది డిటెక్టివ్. “బుధవారం సాయంత్రం అయిదు తరవాత ఎక్కడున్నారు?”

“పైన నా గదిలో. తనిఖీ కాగితాలు రాసుకుంటూ.”

“నిన్న పొద్దున్న ఈ గదిలోకి వచ్చారా?”

“ఎనిమిదీ పదికి, గోల విని వచ్చాను. గుమ్మం దాటలేదు.”

కానిస్టేబుల్ సీలు తీశాడు. గోడకి సగం ఎత్తు దాకా ఆకుపచ్చ ఎనామిల్ రంగు కొత్తగా నిగనిగలాడుతోంది. దాని మీద పాత చార్టు. పన్నెండేళ్ళు గోడకి అతుక్కుని ఉన్న కాగితమైతే బల్లపరుపుగా ఉండాలి. దీని కింది అంచు మాత్రం చుట్ట చుట్టుకుని పైకి లేచింది. డిటెక్టివ్ గోటితో మెల్లగా లాగింది. టప్పున చిన్న చప్పుడుతో చార్టు ఊడింది. వెనక రెండు అరచేతులంత మేర ఆకుపచ్చ రంగు అంటుకుని ఉంది. గోడ మీద అంత మేరా రంగు లేచిపోయింది.

“తడిగోడకి తగిలించారు,” అంది. “రంగు వెయ్యడం బుధవారం అయిదుకి పూర్తయింది. గురువారం పొద్దుటికి ఆరి గట్టిపడింది. ఆ రాత్రిలోపు తగిలిస్తేనే ఇలా అంటుకుంటుంది. ఈ అమ్మాయి నాలుగున్నరకే గేటు దాటింది.”

“పెయింటరు తగిలించి ఉంటాడు. వాళ్ళు అన్నీ తీసి మళ్ళీ పెడతారు కదా,” అన్నాడు ఇన్‌స్పెక్టర్.

“స్టోర్లో బీరువా మీదున్న చుట్టని వెతుక్కుని మరీ వచ్చి తగిలించాడా? భలే పనిమంతుడు. మన ఇంటికి పంపు, కిందటేడు తీసిన అద్దం ఇంకా మంచం కిందే ఉంది.”

సేఫ్టీ ఆఫీసరు చిన్నగా నవ్వాడు. డిటెక్టివ్ ఆ నవ్వుని కూడా రాసుకుంది.

చార్టుకి ఎదురుగోడ మీద వరసగా నాలుగు కొక్కేలు. ఒక్కో దాని పైన కొత్త పద్ధతి ప్రకారం అంకె. ఒకటో కొక్కేనికి రబ్బరు మాస్కులు, నాలుగోదానికి గుడ్డ మాస్కుల కట్ట. పాతకాలంలో ఇవి అటువి ఇటు ఉండేవని స్టోర్ కీపర్ చెప్పింది. అంకెలు తనే రాసి, మాస్కులు తనే మార్చిందట. ఒక్కో మనిషి మాస్కుకీ ఒక గుర్తు. తనదానికి ఎర్రదారం, మేస్త్రీదానికి పచ్చటేపు.

ఎర్రదారం మాస్కు ఒకటో కొక్కేనికే ఉంది. దాని పక్కన సేఫ్టీ ఆఫీసరుదీ, తనిఖీవాళ్ళ కోసం తెచ్చిన రెండు సరికొత్త మాస్కులూ ఉన్నాయి. పచ్చటేపు మాస్కు అక్కడ లేదు. డిటెక్టివ్ కళ్ళు మెల్లగా జరిగాయి. నాలుగో కొక్కేనికి, గుడ్డ మాస్కుల కట్ట వెనక, రబ్బరు పట్టీ ఒకటి వేలాడుతోంది. దానికి పచ్చటేపు ఉంది.

చేతిరుమాలుతో దాన్ని తిప్పి చూసింది. ఫిల్టరు డబ్బా మీద తెల్ల లేబుల్, ఈ నెల తారీఖు. మిగతా వాటి మీద కూడా అదే తారీఖు. అన్నీ కొత్తవే. మరైతే చావెక్కణ్ణుంచి వచ్చింది? లోపల ఎవరో మొహం మీంచి లాగేశారా?

“లోపలికి వెళ్ళాలి. నలుగురం. నేను, నువ్వు, ఈ అమ్మాయి, ఆఫీసరు గారు,” అంది.

“ముద్దాయిని లోపలికా?” ఇన్‌స్పెక్టర్ గొంతు లేచింది.

“ముద్దాయి కావడానికి ఇంకా టైముంది. ఏ డ్రమ్ము, ఏ ట్యాపు అన్నది ఆమెకే తెలుసు.”

సేఫ్టీ ఆఫీసరే మర్యాదగా మాస్కులు అందించాడు. తనిఖీవాళ్ళవి రెండూ డిటెక్టివ్‌కీ ఇన్‌స్పెక్టర్‌కీ ఇచ్చాడు. “మీరు మాకు అతిథులు,” అన్నాడు. ఎర్రదారం మాస్కు స్టోర్ కీపర్ చేతిలో పెట్టాడు. “మీది మీకు.”

తొడుక్కునే ముందు స్టోర్ కీపర్, “వాసన రాలేదని మాస్కు వదులు చేసుకోకండి మేడమ్. కొన్ని మందులు చెప్పుల చప్పుడుతో వచ్చే దొంగలు, ఇది చెప్పులిప్పి వచ్చే దొంగ అనేవాడు బాబాయి,” అంది.

లోపల గాలి కదలడం లేదు. ఆధారాలు చెదిరిపోతాయని గాలి లాగే ఫ్యాను కట్టేయించింది ఇన్‌స్పెక్టరే. నేల మీద పల్చగా నీలిరంగు పొడి పరుచుకుని ఉంది. శవం పడున్న చోట పొడి చెదిరింది. తల ఉన్న చోటికి పక్కగా రెండు గుండ్రటి మచ్చలు. ఎవరో మోకాళ్ళ మీద కూర్చున్నారు. శవాన్ని మోసినవాళ్ళు కాళ్ళ దగ్గరా భుజాల దగ్గరా నిలబడే ఎత్తారని కానిస్టేబుల్ ముందే చెప్పాడు. డిటెక్టివ్ ఆ మచ్చల వైపు వేలు చూపించింది. ఇన్‌స్పెక్టర్ చూశాడు. ఈసారి మూతి బిగించలేదు, వంగి మరీ చూశాడు.

మూడు నిమిషాలు గడిచాయి. డిటెక్టివ్ బయటికి పోదామని సైగ చేసింది. స్టోర్ కీపర్ మాత్రం డ్రమ్ము ట్యాపు దగ్గర ఆగింది. బొట్టు బొట్టుగా కారుతోంది. బిగించి వస్తానన్నట్టు ఒక వేలెత్తి చూపించింది. అరెస్టుకి పావుగంట ముందు కూడా కారే ట్యాపుని వదిలి రాలేని మనిషి!

ముగ్గురూ బయటికొచ్చి మాస్కులు తీశారు. ఇన్‌స్పెక్టర్ తనది చేతిలో పట్టుకుని దిక్కులు చూస్తుంటే డిటెక్టివ్ అది అందుకుని, తనదాంతో పాటు ఒకటో కొక్కేనికి తగిలించింది.

“సార్, పావు తక్కువ పన్నెండయింది,” అన్నాడు సేఫ్టీ ఆఫీసరు రుమాలుతో మెడ తుడుచుకుంటూ. “హాలు తెరవకపోతే వాళ్ళకి ఇవాళ పని కూడా పోతుంది. మేడమ్ గారికి కథలంటే ఇష్టంలా ఉంది. కథలు వినడానికి మనకి టైమెక్కడిది చెప్పండి?” అంటూ చెయ్యి పైకెత్తి తన రబ్బరు మాస్కు తగిలించాడు.

నాలుగో కొక్కేనికి. పచ్చటేపు మాస్కు పక్కన.



“ఆఫీసరు గారూ,” అంది డిటెక్టివ్ నెమ్మదిగా, “మీ మాస్కు ఎక్కడ పెట్టారు?”

అతను తలెత్తి చూశాడు. చూసిన మొహంలో నెత్తురు చుక్క లేదు.

“మూడు క్లాసులు చెప్పారు కదూ! పాపం, తలకి ఎక్కింది. చేతికి ఎక్కలేదు. ఒకటంటే ప్రమాదమని మీకూ తెలుసు, తెలుసు కాబట్టే ఇంత నాటకం ఆడారు. కానీ నిన్న పొద్దున్న శవం మొహం మీంచి మాస్కు లాగి, గాభరాగా బయటికొచ్చి తగిలించేటప్పుడు ఆ చెయ్యి తల మాట వినలేదు. పన్నెండేళ్ళుగా రబ్బరు మాస్కు ఏ కొక్కేనికి పెడుతోందో ఆ కొక్కేనికే పెట్టింది. మేస్త్రీ ఏ తప్పు చేశాడని మీరు లోకానికి చెప్పారో, ఆ తప్పు చేసింది మీరు. ఆయన దగ్గర నేర్చుకుని ఉంటే చెయ్యరు. మీరు క్లాసు నుంచి లేచెళ్ళిపోయారు.”

“అలవాటుగా ఎక్కడో పెట్టాను. ఇదొక సాక్ష్యమా?” గొంతులో వెన్నపూస కరిగిపోయింది.

ఇన్‌స్పెక్టర్ గోడ మీది ఆకుపచ్చ రంగు వైపు చూశాడు, కొక్కేల వైపు చూశాడు. “బుధవారం ఏడుంబావు దాకా...” అని తనలో తనే గొణుక్కున్నాడు. కానిస్టేబుల్ గుమ్మానికి అడ్డంగా జరిగాడు.

డిటెక్టివ్ మాత్రం పచ్చటేపు మాస్కునే చూస్తోంది. రబ్బరు మాస్కు పెట్టుకున్నవాడు ఎలా పోయాడు? మరిది వేసిన ఆ ప్రశ్నే ఇంకా గుచ్చుతోంది. ఫిల్టరు మీది లేబుల్ మూల కొద్దిగా లేచింది. గోరు పెట్టి లాగింది. కింద ఇంకో లేబుల్. వెలిసిపోయిన అక్షరాలు, ఆరేళ్ళ కిందటి తారీఖు. కాలం తీరిపోయిన ఫిల్టరు. ముక్కు ముందు ఖాళీ డబ్బా కట్టుకున్నా ఒకటే, అది కట్టుకున్నా ఒకటే.

కొత్త ఫిల్టర్లు ఎప్పుడూ రాలేదు. కొత్త లేబుళ్ళే వచ్చాయి. సంతకం పెట్టనిది ఇద్దరు. నిన్న పొద్దున్న ఆ గదిలోకి వెళ్ళవలసింది ఇద్దరు. ఇంతసేపూ తను చేసిందేమిటి? తారీఖు చూసి కొత్తవని నమ్మింది. పద్దెనిమిదేళ్ళ అనుభవం పెట్టుకుని, అతికించిన కాగితాన్ని నమ్మింది!

“ఆ అమ్మాయి ఏది?” అని అరిచింది.

తలుపు అద్దంలోంచి కనిపించింది. స్టోర్ కీపర్ ఒక చేత్తో డ్రమ్ము అంచు పట్టుకుని ఉంది. రెండో చెయ్యి గాల్లో దేనికోసమో వెతుకుతోంది. మోకాళ్ళు మడతపడుతున్నాయి.

ఇన్‌స్పెక్టర్ ఒక్క ఉరుకున గోడ దగ్గరికి వెళ్ళాడు. చేతికి అందిన మాస్కు లాగాడు. దానికి పచ్చటేపు ఉంది.

“అది కాదయ్యా! ఒకటో కొక్కెం! ఒకటో నంబరు!”

అతను దాన్ని విసిరేసి, ఇందాకటి తన మాస్కు మొహానికి బిగించుకుని తలుపు తోశాడు. డిటెక్టివ్ గోడ మీద ఫ్యాను మీట నొక్కింది. వెనక కుర్చీ పడిన చప్పుడు, కానిస్టేబుల్ బూతు, తెల్లకోటు చిరిగిన చప్పుడు వినిపించాయి. ఆవిడ తల తిప్పలేదు. అద్దానికి మొహం ఆనించి, మరిది ఆ పిల్లని చంకల కింద చేతులేసి ఈడ్చుకురావడమే చూస్తోంది. తమ ఇంట్లో పిల్లలు పడితే కూడా ఇంత కంగారు పడలేదు ఆవిడ.

బయటికి లాగి, మాస్కు పీకేసి, వరండాలో పడుకోబెట్టారు. ఒక నిమిషం. రెండు. స్టోర్ కీపర్ పెద్దగా దగ్గి కళ్ళు తెరిచింది. ఇన్‌స్పెక్టర్ గోడకి జారగిలబడి కూర్చున్నాడు. జేబులోంచి అరెస్టు కాగితం తీసి, నాలుగు మడతలు పెట్టి, కానిస్టేబుల్ కింద పడున్న తెల్లకోటు వైపు చూశాడు.

“పేరు మార్చి రాస్తాను వదినా,” అన్నాడు. అంతకన్నా ఎక్కువ క్షమాపణ ఆ నోట్లోంచి ఎప్పుడూ రాలేదు.

డిటెక్టివ్ ఎర్రదారం మాస్కు ఒళ్ళో పెట్టుకుని లేబుల్ ఊడదీసింది. కింద అదే ఆరేళ్ళ కిందటి తారీఖు. “అతిథులకీ మీకూ నిజంగా కొత్తవి, ఇంటివాళ్ళకి కొత్త కాగితాలు. ఎన్ని డబ్బాలకి అతికించారు?” అని అడిగింది.

సేఫ్టీ ఆఫీసరు చేతులు వెనక్కి విరిచి పట్టుకున్నా తల ఎత్తే ఉంచాడు. “సంతకం పెట్టంది వీళ్ళిద్దరే మేడమ్. మిగతా ముప్ఫైమందీ పెట్టారు.”

ఆ మాట అర్థం కావడానికి ఒక్క క్షణం పట్టింది. ముందు అర్థమైంది స్టోర్ కీపర్‌కే. మోచేతుల మీద లేవబోయి, పడి, మళ్ళీ లేవబోయింది.

“పెద్ద హాల్లోనూ ఇలాంటి మందులే... వాళ్ళ మాస్కులూ ఇలాంటివే... సైరన్ కొడితే లోపలికెళ్ళిపోతారు మేడమ్, ఆపండి!”

డిటెక్టివ్ తన గడియారం చూసుకుంది. పన్నెండుకి ఇంకా నాలుగు నిమిషాలుంది. గేటు దాకా పరుగెత్తితే రెండు నిమిషాలు. “టైముంది. లే, పద,” అని మరిది భుజం పట్టి లేపబోయింది.

ఇన్‌స్పెక్టర్ లేవలేదు. తన చేతికున్న గడియారం వైపే చూస్తున్నాడు. గేటు గడియారాన్ని పొద్దున్న దేంతో సరిచేయించాడో అప్పుడు గుర్తొచ్చింది ఆవిడకి.

సైరన్ మోగింది.